రెండు గంటల సైరన్

మా పంక్ బ్యాండు బస్తర్ మొత్తానికి మొదటిదీ చివరిదీ. మేం ముగ్గురం. మా పాటల్లో అతి పొడుగైనది నిమిషమున్నర. ఆలోగా మా ఇనుప గని టౌన్‌షిప్ కుక్కలన్నీ ఒరిస్సా సరిహద్దు దాటేసేవి. రైల్వే క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో మేం వాయిస్తుంటే, శ్రీకాకుళం వదిలి పాతికేళ్లయినా యాస వదలని మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏట్రా ఆ అరుపులు, పన్ను నొప్పేటి?" అనేది. మాకు సూత్రం ఒక్కటే: మధ్యలో ఖాళీ రాకూడదు. ఖాళీ వస్తే జనం ఆలోచిస్తారు. ఆలోచిస్తే లేచిపోతారు.

మమ్మల్ని ఆపగలిగింది మధ్యాహ్నం రెండు గంటల సైరన్ ఒక్కటే. కొండ మీద ఇనుపరాయి కోసం మందు పేల్చేముందు అది మోగేది. ఇక పేలుడు వినబడేదాకా ఎవరూ నోరు విప్పరు. చట్టమేం కాదు, అలవాటు. తాళి కట్టబోతూ ఆగిపోయి, కొండ పేలాకే మూడో ముడి వేసిన పెళ్లికొడుకుని నేను కళ్లారా చూశాను.

తర్వాత డ్రమ్ములవాడు గ్యాంగ్‌మన్ అయ్యాడు, బేస్ వాయించేవాడు పెళ్లి చేసుకున్నాడు. రెండూ ఒకలాంటి ప్రమాదాలే. నేను గిటారిచ్చేసి జగదల్‌పూర్‌లో పాత వీడియో కెమెరా తెచ్చుకున్నాను. అప్పటికే అది వెయ్యి పెళ్లిళ్లు తీసింది; లోపల అక్షింతలు పడి, ఊపితే గలగలమనేది. ఆ గలగలతోనే డాక్యుమెంటరీల్లోకి దిగాను.

మొదటిది కొండ కింది ఊరి ముసలమ్మ మీద. తెలుగు సరిహద్దున దోర్నపాల్ వైపు దోర్ల తెగ పిల్ల, ఇటు కోడలిగా వచ్చింది. అందుకే ఆమె తెలుగూ నా తెలుగూ కొట్టుకుంటూనే కలిసిపోయేవి. వానలకు కొండ దిగే ఎర్ర బురద ఆమె పొలం సగం మింగేసింది. గని కడిగిన బురద నిలపడానికి పైన ఇంకో చెరువు కడతామంటున్నారు. కడితే మిగతా సగమూ పోతుంది. దాని మీద నేను వెళ్లిన మర్నాడే జన్ సున్వాయి, అంటే జనం మాట వినే సభ. అదే ఆఖరుది. ముందు జరిగిన రెండు సభల్లోనూ ఆమె లేవగానే వెనక బెంచీల్లోని కాంట్రాక్టర్ల మనుషులు గోల చేసి కూర్చోబెట్టారు.

"నా నోరు మూయిస్తరు. నీ డబ్బా నోరు ఎట్ల మూయిస్తరో చూస్త," అంది, ఆమె మాట టేపులో పట్టి సభలో వినిపిద్దామంటే.

ఊళ్లో మూడు రోజులుగా కరెంటు లేదు. కెమెరాలో పావుగంట ప్రాణముంది. ఆమె పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి రెండు కావస్తోంది. ఇక్కడ పుట్టినవాడెవడూ ఆ వేళకి మాట మొదలెట్టడు. నేను మొదలెట్టాను. ఆమె నోరు తెరిచింది. సైరన్ మోగింది. మూసేసింది.

పేలుడు రాలేదు.

రెండు నిమిషాలు. ఐదు. పైన ఎక్కడో మందు అంటుకోలేదన్నమాట. ఎవరో ఒకరు దగ్గరికెళ్లి చూడాలి. ఊరు ఊపిరి బిగపట్టింది. కోడి కూడా ఒంటికాలి మీద ఆగిపోయింది, ఒట్టు. కెమెరా మీద ఎర్ర దీపం కొట్టుకుంటోంది. ఆపుదామంటే, ఒకసారి పడుకున్న ఆ కెమెరా మళ్లీ లేవడానికి అల్లుడిలా బతిమాలించుకుంటుంది. నా ఒంట్లో షెడ్డు నాటి దురద మొదలైంది: ఖాళీ వస్తోంది, నింపెయ్.

"చెప్పవ్వా, పొలం సంగతి," అన్నాను. గుసగుస అనుకున్నాను గానీ, గుసగుస నాకెప్పుడూ చేతకాదు.

ఆమె పెదాల మీద వేలు పెట్టింది. రెండో చేత్తో కొండ చూపించింది: పైన మనుషులున్నారు.

పదకొండో నిమిషంలో కెమెరా చచ్చింది. ఆ వెనకే కొండ పేలింది. ఎవరికీ ఏమీ కాలేదని సాయంత్రం తెలిసింది. టేపులో ఆమె మాట ఒక్కటీ పడలేదని చెప్పాను. ఆమె తిట్టినా బాగుండేది, లోపలికెళ్లిపోయింది.

మర్నాడు టౌన్‌షిప్ హాల్లో, సభలో ఆమె వంతు వచ్చింది. వేరే దారి లేక ఆ టేపే పెట్టాను. టీవీలో ముసలమ్మ, ఆమె వెనక ఎర్ర పొలం. వెనక బెంచీలు గొంతులు సవరించుకుని గోల అందుకున్నాయి. అంతలో టేపులో సైరన్ మోగింది.

హాలు ఆగిపోయింది. పెద్ద అధికారి టీ కప్పు గాల్లో ఉండిపోయింది. అరవబోయినవాళ్ల నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. అది టేపులోదని అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ల అలవాటుకి తెలీదు. పేలుడు కోసం చూస్తూ, చూడ్డానికి ఇంకేమీ లేక, అందరూ ఆ బురదనే చూశారు. ఒక్కడు దగ్గితే అంతా పోతుంది.

నా పక్కన ముసలమ్మ లేచింది. పేలుడు రాకముందు ఆమె నోరు విప్పగా చూడ్డం అదే మొదలు.

"అది పేలదు. నేను చెప్త, వినుండ్రి."

మా పాటలు ఐదు పట్టేంత సేపు చెప్పింది. అధికారి కప్పు దించి రాసుకున్నాడు.

ఆ ఏడాది చెరువు అక్కడ కట్టలేదు. తరువాతి ఏళ్ల సంగతి వేరు. వానలు పడ్డాక ఆమె ఆ మిగిలిన సగంలో వడ్లు చల్లుతుంటే కెమెరా పట్టుకుని వెళ్లాను. తలెత్తకుండానే అంది, "ముందుగాల టైమెంతయిందో చూసుకో."