గుమ్మంలో పట్టని రైలుబల్ల

నా చిన్నప్పుడు సామర్లకోటలో మా తాతయ్య గుమ్మం కొలవకుండా రైలుబల్ల చేశాడని మావాళ్ళు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ళలో ఆరోజు ఇంట్లో ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నేను మాత్రం ఆరోజు ఇంట్లోనే ఉన్నాను.

తాతయ్య రైల్వేలో వడ్రంగిగా చేసి రిటైరైనవాడు. ఆయనకి గుమ్మం కొలవడం రాదా? అన్నయ్యకి కీ ఇస్తే తిరిగే రేకు రైలుండేది. దానికి పట్టాలు, స్టేషను, వంతెన అన్నీ అమర్చడానికి మూలగదిలో మంచమంత బల్ల మొదలుపెట్టాడు. అప్పటికి అన్నయ్య గోడ పట్టుకుని ఆ గదిలోకి నడిచి వచ్చేవాడు. బల్ల పూర్తయ్యేసరికి వాడి కాళ్ళు పూర్తిగా చచ్చుబడిపోయాయి. వెలుతురు కోసం వరండాలో వేసిన మంచం ఇక దిగలేకపోయాడు. తప్పిన లెక్క గుమ్మానిది కాదు.

"ఇప్పుడు గోడ పడగొడతావా ఏంటి నాన్నా?" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే.

"వాణ్ణే ఎత్తుకొచ్చి ఇక్కడ కూర్చోబెడితే సరి కదా" అన్నాను. నాకప్పటికే నోరెక్కువ.

"మోయించుకుని వస్తే అదేం ఆటే? బల్లే వాడి దగ్గరికి వెళ్ళాలి" అని, అంత ముచ్చటగా చేసిన బల్లని తాతయ్య రంపంతో నడిమికి కోసేశాడు.

రెండు చట్రాలు చేసి, మంచం ఎత్తుకి సరిపడా కాళ్ళని బోల్టులతో బిగించాడు. ఊగకుండా ఐమూలగా పట్టీలు వేశాడు. నన్ను పైకెక్కించి "గెంతవే, విరిగితే ఇప్పుడే విరగాలి" అన్నాడు. జల్లు కొడితే రెండు ముక్కలూ లోపలికి, ఎండొస్తే వరండాలోకి. అతుకు దగ్గర పట్టాలు కలిశాయో లేదో చూడటం నా పని. నేను "సామర్లకోట జంక్షన్!" అని అరిస్తే, అన్నయ్య పడుకునే "నోర్ముయ్యవే, సిగ్నలింకా ఇవ్వలేదు" అనేవాడు.

వాడు ఆ వానాకాలం దాటలేదు.

అన్నీ అయిపోయాక తాతయ్యా నేనూ బోల్టులు విప్పాం. చట్రాలు అటకెక్కిస్తుంటే గోనెలో చుట్టిన ఎనిమిది పొడుగు కాళ్ళు కనిపించాయి. నున్నగా చిత్రిక పట్టి, బెజ్జాలు కూడా వేసి ఉన్నాయి. "ఇవేంటి తాతయ్యా?" అన్నాను. "వాడు లేచి నిలబడితే బిగిద్దామని" అన్నాడు. అంతే.

నడవలేనివాళ్ళని సంతకం కోసం మేడెక్కి రమ్మనే ఆఫీసుల్లో నేనివాళ్టికీ దెబ్బలాడతాను. కాగితమే కిందికి తెమ్మంటాను. గయ్యాళినని పేరొచ్చింది, రానీ. కానీ బల్ల కోయకముందే డాక్టరుగారు అన్నయ్య మీద ఇక ఆశ లేదని తాతయ్యతో చెప్పేశారని అమ్మ చాలా ఏళ్ళకి చెప్పింది. అన్నీ తెలిసి, ఆ కాళ్ళు ఎవరి కోసం చేశావు తాతయ్యా?