కూత తర్వాత పాట

మేం వాయించిన సంగీతానికి ఒక పేరుందని రిటైరైన తర్వాత గానీ నాకు తెలియలేదు. పవర్ పాప్ అంటారట. ఈ మాట చెప్పింది మా రైల్వే ఊళ్ళో ప్రేమ్ బజార్ వైపు గది తీసుకుని రీసెర్చి చేసుకుంటున్న ఒక బెంగాలీ అమ్మాయి. గిటారు గట్టిగా మోగాలి, డ్రమ్ము దంచి పారెయ్యాలి, అయినా పల్లవి మాత్రం రెండోసారికే నోటికొచ్చేంత తియ్యగా ఉండాలి, మూడు నిమిషాల్లో పాట అయిపోవాలి. ఇవీ దాని లక్షణాలు. ఆమె వేళ్ళు మడిచి ఒక్కొక్కటే చెబుతుంటే నేను లోపల్లోపల మురిసిపోయాను. మేం చేసింది అచ్చంగా అదే. కాకపోతే తెలియక చేశాం.

ఆ అమ్మాయికి పాత టేపుల పిచ్చి. రికార్డు దాకా వెళ్ళకుండానే ఆగిపోయిన చిన్న చిన్న ఊళ్ళ బ్యాండ్లు మొదట్లో ఇళ్ళలోనూ క్లబ్బుల్లోనూ చేసుకున్న రికార్డింగులు వెతికి, బాగుచేసి, ఇంటర్నెట్‌లో పెడుతుంది. ఎవరింట్లోనో రైల్వే ఇన్‌స్టిట్యూట్, అంటే మా ఉద్యోగుల క్లబ్బు, వార్షికోత్సవం ఫోటో ఒకటి చూసిందట. అందులో బెల్‌బాటం ప్యాంట్లతో ముగ్గురం ఉన్నాం. ఆ ఫోటో పట్టుకుని మా తెలుగువాళ్ళుండే న్యూ సెటిల్‌మెంట్ కాలనీ గుడిలో ఆరా తీస్తే పూజారిగారు మా ఇల్లు చూపించారు. సైకిలు గోడకి ఆనించి లోపలికి వస్తూనే, "కాకూ, మీ క్యాసెట్ ఏదైనా ఉందా?" అని హిందీలో అడిగింది. కాకూ అంటే బెంగాలీలో బాబాయి.

లేదన్నాను. నా స్వభావమే అంత. ఎవరేమడిగినా ముందు లేదనేసి, తర్వాత ఆలోచిస్తాను. ఆమె టీ తాగి, నంబరు రాసిచ్చి వెళ్ళిపోయాక ఆలోచించడం మొదలుపెట్టాను.

మేం ముగ్గురం. గిటారు నాది. డ్రమ్ములు వాయించేవాడూ నేనూ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌లం. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలు ఊరికి వచ్చి అక్కడే సుత్తి పట్టారు, మా నాన్నలూ అదే పట్టారు. పాడేవాడు మాత్రం తెలుగు స్కూల్లో పాఠాలు చెప్పే మాస్టారి కొడుకు. వీధిలో మాతో మా మాటే మాట్లాడి, ఇంటి గుమ్మం ఎక్కగానే పుస్తకంలా మాట్లాడేవాడు. వాడు లైబ్రరీలో చదువుకుంటున్నాడని మాస్టారి నమ్మకం. బాస్ గిటారు వాయించే నాలుగో మనిషి మాకు ఎప్పుడూ దొరకలేదు. ఆ లోటు నేను వాల్యూముతో పూడ్చేవాణ్ణి.

పాట మాస్టారి కొడుకే కట్టాడు, అదీ తెలుగులో. అప్పట్లో దేశంలోకెల్లా పొడుగైన మా ఊరి ప్లాట్‌ఫారం మీద. ఒక పిల్ల ఆ చివర పెట్టె ఎక్కాలి, ఒకడు ఈ చివర నిలబడి ఉన్నాడు. "నువ్వా చివర, నేనీ చివర, నడిచేలోగా బండెళిపోయె." అదీ పల్లవి. మొదటిసారి వినిపించినప్పుడు పడీపడీ నవ్వాం. వారం తిరిగేసరికి షాపులో ఇనుము అరగదీసే ఫైలు పడుతూ కూడా నేను అదే కూనిరాగం తీస్తున్నాను.

ఇక్కడ కూత గురించి చెప్పాలి. పని మొదలుకీ, మధ్యాహ్నం తిండికీ, ఇంటికీ ఊరంతా వినపడేలా వేసే వర్క్‌షాపు సైరను. మా అమ్మ బియ్యం కడిగేది దాన్ని బట్టే, మా నాన్న మీసం దువ్వుకునేది దాన్ని బట్టే. అప్రెంటిస్‌గా చేరిన కొత్తలో మాకు నేర్పిన మొదటి విద్య ఫైలు పట్టడం కాదు, కూత వినపడగానే చేతిలో పనిముట్టు కింద పెట్టడం. మొదట్లో గుర్తు పెట్టుకుని పెడతాం. కొన్నాళ్ళకి ఇక గుర్తు పెట్టుకోనక్కర్లేదు, చెయ్యే పెట్టేస్తుంది.

రికార్డింగు రోజున మేమిద్దరం సెలవు పెట్టాం. ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలో కిటికీలకి బొంతలు కట్టాం. అడిగి తెచ్చుకున్న టేప్ రికార్డరు స్టూలు మీద పెట్టాం. క్యాసెట్లు రెండే ఉన్నాయి. మొదటిది పెట్టి ఎర్ర మీట నొక్కాను. పాట ఎత్తుకున్నామంటే ఎత్తుకున్నాం. మూడేళ్ళుగా ఎప్పుడూ కుదరనంత బాగా కుదిరింది. రెండో చరణం అయింది, పల్లవి మళ్ళీ అందుకున్నాడు, అప్పుడు మధ్యాహ్నం కూత వేశారు.

డ్రమ్ములవాడు కర్రలు కింద పెట్టి, లేచి నిలబడి, టిఫిన్ క్యారేజీ కోసం చుట్టూ చూశాడు. నేను గిటారు మెళ్ళోంచి తీసి గోడకి ఆనించాను. సెలవులో ఉన్నామని ఇద్దరికీ గుర్తే లేదు. మాస్టారి కొడుక్కి ఆ కూతతో ఏ సంబంధమూ లేదు కదా. కళ్ళు మూసుకుని పాడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో నేను ఇన్నేళ్ళూ ఇలా గుర్తుపెట్టుకున్నాను. కాసేపటికి వాడు ఆపాడు, నేను వాడి మీద మండిపడ్డాను. ఆపింది మేమిద్దరం, చివాట్లు వాడికి. పాట చెడిపోయిందన్న ఉక్రోషం ఎవరో ఒకరి మీద చూపించాలి, వాడు దొరికాడు. రెండో క్యాసెట్ పెట్టి మళ్ళీ వాయించాం. అది సాఫీగా వచ్చింది. దాన్ని కలకత్తాలో ఒక రికార్డింగు కంపెనీకి పోస్టు చేశాను, నకలు తీయాలని కూడా తోచలేదు. అక్కణ్ణుంచి ఉత్తరం రాలేదు, క్యాసెట్టూ రాలేదు. చెడిపోయిన మొదటిదాని పెట్టె అట్ట మీద ఎర్ర సుద్దతో పెద్ద ఇంగ్లీషు 'ఆర్' అక్షరం గీశాను. షాపులో పనికిరాని ఇనుప ముక్క మీద ఇన్‌స్పెక్టరు గీసే రిజెక్టు గుర్తు అది. గీసి మా ఇంటి ట్రంకుపెట్టెలో పడేశాను. తర్వాత ఇంటికొచ్చిన క్యాసెట్లన్నీ గుడి భజనలు ఎక్కించుకోవడానికి పోయాయి. దీని మీద 'ఆర్' ఉండబట్టి ఎవరూ ముట్టుకోలేదు.

బ్యాండు ఎందుకు ఆగిందంటే గొప్ప కారణమేమీ లేదు. మేమిద్దరం పర్మనెంటయ్యాం. వాడు ట్రైనింగు చదివి, వాళ్ళ నాన్న పాఠం చెప్పిన స్కూల్లోనే మాస్టారయ్యాడు. డ్రమ్ములవాడు రిటైరై సొంతూరు వెళ్ళిపోయాడు. మాస్టారి కొడుకు మళ్ళీ పాడగా నేను వినలేదు. స్కూలు వార్షికోత్సవాల్లో కూడా పిల్లల చేత పాడించేవాడే తప్ప గొంతు విప్పేవాడు కాదు. ఒకసారి అడిగితే, గొంతంతా క్లాసుకే సరిపోతోందని నవ్వేశాడు. ఆ రోజు నేను తిట్టిన తిట్లకీ ఆ మౌనానికీ సంబంధం ఉందేమోనన్న అనుమానం నన్ను అప్పుడప్పుడూ పొడిచేది. అడిగే ధైర్యం చెయ్యలేదు.

పోయిన సంవత్సరం వాడికి గొంతు ఆపరేషన్ అయింది. స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు చెప్పాల్సినది పలక మీద రాసి చూపిస్తాడు. అక్షరాలు మాత్రం బోర్డు మీద రాసినంత గుండ్రంగా ఉంటాయి. ఆ మధ్య బజార్లో వాళ్ళావిడ కనిపించింది. ఆవిడ నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. ఎలా ఉన్నాడని అడిగాను. బానే ఉన్నారంది. కూరల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఆగి, "ఆయన అసలు గొంతు ఎలాగుండేదో ఒకోసారి గుర్తు రావట్లేదన్నయ్యా. ఫోన్లో ఉన్నవన్నీ జబ్బు గొంతే" అంది. పెళ్ళికి ముందు ఆయన పాడేవారట కదా అని కూడా అడిగింది. ఆవిడ ఎప్పుడూ వినలేదు.

టేపుల అమ్మాయి వెళ్ళిపోయాక నాకు గుర్తొచ్చింది చెల్లెమ్మ అన్న ఈ మాటే. పవర్ పాపూ కాదు, ఇంటర్నెట్టూ కాదు. ట్రంకుపెట్టె తీసి, పాత రగ్గుల అడుగున వెతికాను. క్యాసెట్ దొరికింది. 'ఆర్' వెలిసి గులాబీ రంగుకి వచ్చింది. రీలు మీద తెల్లగా బూజు పట్టింది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు భయపడ్డాను. అందులో గొంతు మిగిలి ఉందో లేదో తెలియదు. లేకపోతే ఇక ఎక్కడా లేదు.

ఆ అమ్మాయి గదికి వెళ్ళి, లేదని అబద్ధం చెప్పినందుకు క్షమించమన్నాను. ఆమె పట్టించుకోలేదు. రీలు విప్పి, దూదితో అంగుళం అంగుళం తుడిచి, కొత్త క్యాసెట్ డబ్బాలోకి ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు నన్ను పిలిచి వినిపించింది. ముందు చాలాసేపు గరగర. తర్వాత డ్రమ్ములవాడు ఒకటి రెండు మూడు లెక్కపెట్టడం, నా గిటారు, ఆ వెంటనే మాస్టారి కొడుకు గొంతు. వాడి ఇరవై మూడో ఏటి గొంతు. నేను ప్లేయరు దగ్గరికి జరిగి కూర్చున్నాను.

కూత మొదలవగానే నేనే చెయ్యి చాచి ఆపేశాను. ఇక అవతలంతా చెత్తేనని చెప్పాను. ఇంతకాలం నాకు తెలిసింది అదే మరి, అంతకుమించి నేనెప్పుడూ వినలేదు. ఆ రెండు నిమిషాలూ బంగారమనీ, కూతకి ముందే శబ్దం మెల్లగా తగ్గించి ముగిస్తే ఎవరికీ తెలియదనీ అంది ఆ అమ్మాయి. అలాగే చెయ్యమన్నాను. మా పాట నదురుగా, ఏ మచ్చా లేకుండా లోకానికి వెళుతుందని సంబరపడ్డాను కూడా.

క్యాసెట్టూ, ఆమె దగ్గరున్న పాత ప్లేయరూ అడిగి తీసుకుని ఆ సాయంత్రమే మాస్టారి కొడుకింటికి వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఒక్క ముక్క కూడా కత్తిరించవద్దన్నాను. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

వాడు వరండాలో కుర్చీలో ఉన్నాడు. మెడకి పల్చటి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ప్లేయరు బల్ల మీద పెట్టి క్యాసెట్ చూపించాను. కొత్త డబ్బాలోకి మారినా అది పాత పెట్టెలోనే ఉంది. వాడు 'ఆర్' గుర్తు చూసి, నన్ను చూసి, కనుబొమలు ఎగరేశాడు. మీట నొక్కాను. చెల్లెమ్మ వంటింట్లో ఏదో తరుగుతోంది. పాట ఎత్తుకోగానే ఆ చప్పుడు ఆగింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎవరి గొంతని అడగలేదు. వాడు మాత్రం మొహం పక్కకి తిప్పుకుని వీధి వైపు చూస్తున్నాడు. మోకాలి మీద వేలు తాళం వేస్తోంది.

రెండో చరణం అయింది. పల్లవి వచ్చింది. కూత మొదలైంది. నా చెయ్యి దానంతటదే మీట మీదకి వెళ్ళింది.

వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. జబ్బుమనిషికి అంత పట్టు ఉంటుందని నేననుకోలేదు.

కూత సాగింది. దాని కింద డ్రమ్ము మాయమైంది, నా గిటారు మాయమైంది. తర్వాత కూత కూడా తగ్గిపోయింది. ఇక వాడి గొంతొక్కటే ఉంది. నువ్వా చివర, నేనీ చివర. వాయిద్యాలతో పాటు పరిగెత్తిన పాట ఇప్పుడు నిదానించింది. ఒక్కో మాటకీ చోటు దొరికింది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. నా గిటారు మోతకి అణిగి, నలభై ఏళ్ళ పాటు నేను వినని గొంతు అది. నేను పనికిరాదని ముద్ర వేసింది దీని మీదా అనుకున్నాను. సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

పల్లవి రెండుసార్లు పాడి ఆగాడు. టేపులో ఆనాటి ఇన్‌స్టిట్యూట్ గది నిశ్శబ్దం వినిపించింది. అప్పుడు టేపులోంచి, పాట గొంతుతో కాదు, మామూలు మాట గొంతుతో వాడు అన్నాడు: "ఏటైందిరా? ఎందుకాపేసినారు? నేనింకా పాడతన్నాను కదా."

ఆ వెంటనే నా గొంతు, కర్కశంగా: "అది పోయింది. తీసెయ్." టక్కున ఆగిపోయింది.

వాడు నా చెయ్యి వదిలాడు. నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు, కళ్ళు కారుతున్నాయి. నన్ను క్షమించరా అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. వాడు పలక అందుకుని ఏదో రాయబోయాడు, బలపం పక్కన పెట్టేశాడు. టేపు తనే కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ నొక్కాడు.

"ఏటైందిరా? ఎందుకాపేసినారు? నేనింకా పాడతన్నాను కదా."

నా గొంతు వచ్చేలోగా ఆపేశాడు.

చెల్లెమ్మ గుమ్మంలోంచి వచ్చి వాడి కుర్చీ పక్కన కింద కూర్చుంది. ప్లేయరు వైపే చూస్తూ, ఎదురుగా ఉన్న మనిషికి బదులిచ్చినట్టు, "పాడండి, ఇంటన్నాను" అంది.

వాడు టేపు మొదటికి తిప్పాడు.