మూడు నలుపులు, ఒక కిటికీ

రాజుల చరిత్రలు రాసినవాళ్ళు బోలెడు కాగితం ఖర్చుపెట్టారు గానీ, మా మామయ్య కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళడం ఎప్పుడు మొదలుపెట్టాడో ఒక్కరూ నమోదు చెయ్యలేదు. ఆ లోటు ఇక్కడ తీరుస్తున్నాను.

మామయ్య ముప్ఫై నాలుగేళ్ళు ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో పనిచేశాడు. ఫిల్ముని వెలుతురుకెత్తి చూడనిదే నోరు విప్పేవాడు కాదు. ఉద్యోగ విరమణతో ఫిల్ములు ఆగాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. కరెంటు బిల్లయినా, పెళ్ళిపిలుపయినా సరే, వంటింటి కిటికీ దగ్గరికి నడిచి, చెయ్యి బారుగా చాచి, తల ఓ పక్కకి వాల్చి చూడాల్సిందే. నా శుభలేఖనీ అలాగే చూసి, "ఎక్కడా విరగలేదు, చేసుకో" అన్నాడు.

ఈ అలవాటు వల్ల ఎవరికీ ఏ కష్టమూ కలగలేదు, ఇంటికి ప్రింటరు వచ్చేదాకా.

ప్రింటరు మా పెద్దమ్మ కోసం. మామయ్యకి ఆరేళ్ళప్పుడు తల్లి పోతే, పదహారేళ్ళ పెద్దమ్మ కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణీ, చెల్లెలైన మా అమ్మనీ పెంచింది. మామయ్యకి ఎక్స్‌రే కోర్సులో సీటొచ్చిన రోజున ఓ పాత కెమెరా కొనిపెట్టింది. అందులో తీసిన మొదటి బొమ్మ ఆమెదే, నలుపు తెలుపుల్లో. మిషను ముందు కూర్చుని, పళ్ళ మధ్య దారం పట్టుకుని, నవ్వు ఆపుకుంటోంది. "మంచి ప్రింటు వేసిస్తానక్కా" అని మాటిచ్చాడు. ఆ మాట నలభై రెండేళ్ళుగా నెగటివ్‌తోపాటు ఓ మాత్రల డబ్బాలో భద్రంగా ఉంది.

ఈ మధ్య పెద్దమ్మకి కళ్ళలో నీటికాసులని, అంటే గ్లకోమా అని తేలింది. ఉన్న చూపు నిలబెట్టడానికి చూస్తాం, పోయింది మాత్రం తిరిగి తేలేమన్నాడు డాక్టరు. మామయ్య ఇంటికొచ్చి మాత్రల డబ్బా తీశాడు. నెగటివ్‌ని స్టూడియోలో స్కాన్ చేయించాడు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ప్రింటర్ల కొట్టుకి బయల్దేరాడు.

"ఇది స్కాన్ చేస్తుంది సార్, కాపీ తీస్తుంది, ఫోన్లోంచి కూడా ప్రింటిస్తుంది" అన్నాడు కొట్టాయన.

"నలుపు తీస్తుందా?"

"నలుపా? అన్నిటికన్నా తేలిక సార్ అది!"

ఎక్స్‌రే గదిలో ముప్ఫై నాలుగేళ్ళు నలుపు వెనకాల తిరిగిన మనిషితో అనాల్సిన మాట కాదది. మామయ్య మర్యాదస్థుడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

మొదటి ప్రింటు ట్యూబ్‌లైటు కింద దివ్యంగా వచ్చింది. మామయ్య దాన్ని కిటికీ దగ్గరికి మోసుకెళ్ళాడు. వెనకే వెళ్ళిన అత్తయ్య తొంగిచూసి, "అయ్యో, వదినకి పాచి పట్టిందేవిటండీ!" అంది.

నిజమే. ఎండ వెలుతురులో బొమ్మంతా ఆకుపచ్చగా ఉంది. ఆ యంత్రం ఉన్న నాలుగు సిరాలనీ కలిపి బూడిదరంగు వండుతోంది. ఆ వంటకం ఒక్కో దీపం కింద ఒక్కో రంగు చూపిస్తోంది. రెండో ప్రింటు గులాబీ తిరిగింది. మూడోదాన్ని మామయ్య చాలాసేపు చూసి, "ఇది రోగి తప్పు కాదు, యంత్రానిది" అని తేల్చాడు. ఆ యంత్రం మా ఇంటికొచ్చి, మా పిల్లల పాఠాలు నమ్మకంగా అచ్చేస్తూ ఇప్పటికీ కాపురం చేస్తోంది. అందుకు మామయ్యకి రుణపడి ఉన్నాం.

కొట్టుకి మళ్ళీ వెళ్ళాం.

"నలుపు సిరాలే మూడు ఉండేది కావాలి" అన్నాడు మామయ్య.

"మూడు నలుపులెందుకు సార్? ఒకటి చాలదా?"

"ఒకటి కొప్పుకి, ఒకటి నీడకి, ఒకటి బుగ్గకి."

కొట్టాయన ఇదేదో మొక్కు అనుకున్నట్టున్నాడు, మారుమాట్లాడకుండా లోపల్నించి పెద్ద పెట్టె మోయించాడు. అందులో చిక్కటి నలుపు, బూడిదరంగు, పల్చటి బూడిదరంగు వేరువేరుగా ఉన్నాయి.

కొత్త యంత్రం తన పని తాను చేసింది. మామయ్యే ఆగలేకపోయాడు. ప్రింటు బయటికి రావడమే ఆలస్యం, సిరా ఆరకుండానే కిటికీకి పరుగు. దాంతో వరసగా మూడు బొమ్మల్లో పెద్దమ్మ భుజమ్మీద మామయ్య బొటనవేలి ముద్ర పడింది.

"వేలిముద్ర వేసి మరీ ఇస్తున్నారు, ఆస్తి రాసిస్తున్నారా?" అంది అత్తయ్య.

"నువ్వు కాస్త నోరు మూసుకుంటే సిరా తొందరగా ఆరుతుంది."

"సరే, నేను మూసుకుంటా. మీరు చేతులు కట్టుకోండి."

ఆయన నిజంగానే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తరవాతిది బుగ్గ దగ్గర తెల్లబోయింది, ఇంకోదాంట్లో దారం కనబడలేదు. కాగితం మార్చాడు, సిరా పాళ్ళు మార్చాడు. తిరస్కరించిన బొమ్మల వెనకవైపు అత్తయ్య చాకలి పద్దు రాసుకుంది. రెండు నెలలయ్యాక, పదకొండో ప్రింటు ఒక పగలంతా ఆరి, కిటికీ ముందు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నిలబడి, మూడు పూటలా నలుపు నలుపుగానే నెగ్గింది. మామయ్య కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

ఆ ఆదివారం స్కూటరు మీద ఇద్దరం పెద్దమ్మ ఇంటికెళ్ళాం. ఆమె కుట్టుగదిలో ఉంది. మిషను మీద పసుపు బల్బు వెలుగుతోంది. మిషనుకి ఎదురుగా గోడ మీద, ఫ్రేములో, అదే బొమ్మ!

"ఒరేయ్, ఫోటో పంపించి రెండు నెలలైంది, బాగుందని చెబుదామంటే ఫోనెత్తవేం?" అంది పెద్దమ్మ.

"నేను... పంపానా?"

"మీ ఆవిడ జాకెట్టుగుడ్డ ఇచ్చి వెళ్ళింది కదా, అది మడతపడకుండా దీన్ని పెట్టి పంపించావుగా!"

అది పాచి పట్టిన మొదటి ప్రింటు. అట్టలా గట్టిగా ఉందని అత్తయ్య జాకెట్టుగుడ్డలో పెట్టింది.

"పొద్దున్నే మొట్టమొదట దాన్నే చూస్తాన్రా. పళ్ళ మధ్య దారం కనబడిందా, ఇవాల్టికి నా చూపు ఉన్నట్టే. డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదు."

"ఇవాళ కనబడిందా అక్కా?" అన్నాడు మామయ్య.

"కనబడకేం! ఎంత సన్నగా తీశావురా. నీ చేతికి కెమెరా ఇచ్చి మంచి పని చేశాను."

మామయ్య ఆమె కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుని కొత్త బొమ్మ చేతికిచ్చాడు. ఆమె ఒకసారి దాన్నీ, ఒకసారి గోడనీ చూసింది. "రెండూ ఒకటేగా. పోనీలే, ఇది బీరువాలో దాస్తాను. నువ్వంటే నాకెంత ఇష్టమో అంత జాగ్రత్తగా."

ఆయన గోడ మీది ఫ్రేము దించి, రెండు బొమ్మలూ బల్బు కింద పక్కపక్కన పట్టుకున్నాడు. నేనూ చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. అలవాటు చొప్పున రెండూ పట్టుకుని లేచి, చెయ్యి బారుగా చాచి, ఓ గోడ వైపు తిరిగాడు. ఇంకో గోడ వైపు తిరిగాడు. తరవాత మెల్లిగా కూర్చున్నాడు.

ఆ గదికి కిటికీ లేదు.