నాగమ్మ పేరు పలికిన రేడియో

1960 ఎండాకాలం. ప్రొద్దుటూరు బజారులో నా రేడియో మరమ్మతు దుకాణం పెట్టి అప్పటికి కొన్నేళ్లయింది. ఆ తర్వాత ఎన్ని వందల సెట్లు విప్పానో లెక్క లేదు. వాటిలో చాలావరకు మరచిపోయాను. ఒక్క ఇంటి సెట్టు మాత్రం మరపు రాదు. ఇన్నేళ్ల తర్వాత దాన్ని తలచుకున్నా ఒళ్లు మండుతుంది.

కరెంటు లేని ఊళ్లలో అప్పుడు బ్యాటరీ సెట్లే దిక్కు. ఇటుకంత డ్రై బ్యాటరీ ఒకటి పక్కన పెట్టి, మిద్దె మీద రెండు గడలు పాతి వాటి మధ్య రాగితీగ కట్టేవాళ్లం. అది ఏరియల్. సెట్టు లోపల బొటనవేలంత గాజు బుడ్లుంటాయి, వాటిని వాల్వులంటారు. గాలిలో వచ్చిన పాటను పట్టేది ఒకటైతే, దాన్ని పెద్దది చేసేది ఇంకొకటి. చివరిది అవుట్‌పుట్ వాల్వు. అది లేకపోతే మిగతావన్నీ పనిచేస్తున్నా స్పీకరు నోరు విప్పదు.

ఒకరోజు పొద్దున్నే శివారెడ్డి అనే యువకుడు దుకాణానికి వచ్చాడు. పెద్దముడియం దాపున ఒక ఊరు వాళ్లది. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ మార్చి రాస్తున్నాను. నల్లరేగడి భూములున్న పెద్ద రైతు కుటుంబం. అతను కాలేజీలో చదువుకున్నవాడు. ఏడాది కిందట సెట్టు కొని నాచేతనే బిగింపించుకున్నాడు.

"అన్నా, రేడియో పలకడంల్యా. బ్యాటరీ కొత్తదే. ఒకతూరి వచ్చి చూడన్నా. ఇంట్లో మా ఆడామె శానా పోరు పెడతాంది" అన్నాడు.

సంచి సర్దుకొని అతనితో బస్సెక్కాను. బస్సు దిగిన చోట వాళ్ల ఎద్దులబండి సిద్ధంగా ఉంది. ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆ ఊళ్లో రేడియో అదొక్కటే. సాయంత్రం అయ్యేసరికి ఊరి మగవాళ్లంతా వాళ్ల అరుగు మీద చేరి వార్తలు వినేవారు. శివారెడ్డి తండ్రి ఓబుళరెడ్డికి అది పెద్ద గౌరవం. రేడియో ఉన్న ఇల్లంటే కలెక్టరు వచ్చి కూర్చున్న ఇల్లంత గొప్ప ఆ రోజుల్లో.

నేను వెళ్లేసరికి ఆయన నడవలో పట్టెమంచం మీద కూర్చొని ఉన్నాడు. సెట్టు వెనక అట్ట విప్పి చూశాను. అవుట్‌పుట్ వాల్వు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రాలున్నాయి. అది కాలిపోలేదు, పగల్లేదు. అసలు అక్కడ లేనేలేదు.

"ఎవురప్పా దీన్ని విప్పింది? ఒక వాల్వు లేదు" అన్నాను.

శివారెడ్డి తెల్లబోయి చూశాడు. వంటింటి తలుపు వెనక గాజులు గలగలమని ఆగిపోయాయి. ఓబుళరెడ్డి నింపాదిగా బనీను జేబులో చెయ్యి పెట్టి, గుడ్డపేలికలో చుట్టిన వాల్వు తీశాడు.

"ఇదే గదా సాయిబూ?"

"ఇదే. మీ దగ్గర ఎందుకుంది?"

"నేనే పీకినా. ఒకటొకటిగా పీకి చూస్తి, తక్కినవి పీకితే గుర్రుమనె, ఇది పీకితే నోరు మూసుకునింది. మళ్లీ పెడదామంటే దీని ముండ్లు వంగిపోయినాయి. నువ్వు సక్కగ చేసి, తీసేదీ పెట్టేదీ నాకు నేర్పించి పో. సందేళ వార్తలప్పుడు నేను పెట్టుకుంటా, అయిపోతానే తీసి జేబులో యేసుకుంటా. నాకు పలకాల, ఆడోళ్లకు పలక్కూడదు. అదీ నాక్కావాల్సింది."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. పాడైన సెట్లు బాగుచెయ్యమని ఎందరో అడిగారు. బాగున్న సెట్టును సగం మంది కోసం చంపమని అడిగినవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను. ఎందుకని అడిగాను. ఆయనే చెప్పాడు, చెప్పేకొద్దీ గొంతు పెంచుతూ.

సెట్టు వచ్చాక మధ్యాహ్నాలు అత్తాకోడళ్లు ఇద్దరూ పనులు తీర్చుకొని దాని ముందు కూర్చునేవారు. కోడలు సరోజ జమ్మలమడుగులో ఎనిమిదో తరగతి దాకా చదివింది. అత్త నాగమ్మకు అక్షరం రాదు. ఒకరోజు రేడియోలో ఎవరో విసుర్రాయి పాట పాడితే నాగమ్మ మూతి తిప్పి, "ఇదేం పాట? నేనింతకంటే బాగ కడతా" అందట. పెళ్లయిన నాటి నుంచి ఆమె విసుర్రాయి దగ్గర సొంతంగా పాటలు కట్టి పాడుకుంటూనే ఉందని కోడలికి అప్పుడు తెలిసింది. ఒక పాటను సరోజ కాగితం మీద పెట్టి, అత్త పేరుతో రేడియో కేంద్రానికి పంపింది. వాళ్లు దాన్ని సాయంత్రం కార్యక్రమంలో పాడించారు. ముందు ఊరి పేరు చెప్పి, "నాగమ్మగారు కట్టిన పాట" అన్నారు. ఆ సమయానికి అరుగు నిండా మగవాళ్లున్నారు.

*సద్దలు ఇసిరితి, జొన్నలు ఇసిరితి, సందె పొద్దాయెనమ్మా*
*కూచోని తినమన్న మాటొకటి యినలేదు, కొప్పు నెరిసెనమ్మా*

"పాట అయిపోతానే అందరూ నా మొగం చూసి నవ్విరి. మర్నాడు పొలంకాడ ఒగడు, 'ఏం మామా, అత్తను కూచోని తినమన్యావా?' అంటాడు. నా పెండ్లాం పేరు ఊరోళ్ల నోట్లో నానాల్నా? ఈ డబ్బా వచ్చి నా పరువు తీసె" అన్నాడు ఓబుళరెడ్డి.

నాకు నవ్వు రావాల్సిన చోట కోపం వచ్చింది. ఆ పాటలో తిట్టు లేదు, శాపం లేదు. కూర్చొని తినమని ఎవరూ అనలేదన్న ఒక్క మాట ఉంది. అది అబద్ధమని ఆయనా అనడం లేదు. నలుగురూ విన్నారన్నదే ఆయన బాధ.

"రెడ్డీ, ఈ పని నేను నేర్పించను. సెట్టు పలకడానికి చేసినారు. నేను నేర్చుకునిందీ దాన్ని పలికించడానికే" అన్నాను.

ఆయన మంచం మీద నుంచి లేచాడు. "నా యింట్లో నిలబడి నాకు ఎదురు చెప్తాండావా?"

అప్పుడు వంటింటి తలుపు తీసుకొని నాగమ్మ బయటికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. మోచేతుల దాకా పిండి అంటుకొని ఉంది. నా వైపు చూడలేదు. మొగుడి ముందు నిలబడి మెల్లగా అంది:

"పేరు పలికితే పరువు పోయెనా? నేను ఈ యింటికి వచ్చినప్పటి నుంచి నా పేరు పెట్టి పిలిచినోళ్లు ఎవురున్నారు? నువ్వు 'ఏమే' అంటివి. పిల్లోళ్లు 'అమ్మా' అనిరి. ఊరోళ్లు 'ఓబుళరెడ్డి పెండ్లాం' అనిరి. ఆ పొద్దు ఆ పెట్టెలో 'నాగమ్మగారు' అనిరి. ఎవురబ్బా ఈ నాగమ్మ అనుకుంటి. నేనే గదా అని నాకు గుర్తొచ్చేదానికి కాసేపు పట్టె."

ఓబుళరెడ్డి ముఖం ఎర్రబడింది. చేతిలోని వాల్వును గడప రాతికేసి కొట్టాడు. సన్నని గాజు, 'టప్' మని చిన్న చప్పుడు చేసి పొడి పొడి అయింది. నాగమ్మ వంగి, పిండి చేతులతోనే ఆ గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టింది. పిల్లలు నడిచే చోటు గదా అని గొణుక్కుంది.

నా కోపమంతా అప్పుడు కొడుకు మీదికి మళ్లింది. సెట్టు కొన్నవాడు అతను. చదువుకున్నవాడు అతను. తల్లి నేలమీద కూర్చొని గాజుముక్కలు ఏరుతుంటే తను గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

"శివారెడ్డీ, సెట్టు నీది. నా సంచిలో ఇంకొక వాల్వుంది. పెట్టమంటే ఇప్పుడే పెడతా. చెప్పు" అన్నాను.

అతను తండ్రి వైపు చూసి, నేల వైపు చూసి, "వద్దులే అన్నా. పెద్దాయన కోపంగా ఉండాడు. పోదాం పా" అన్నాడు.

ఓబుళరెడ్డి నన్ను మళ్లీ ఆ ఊరి పొలిమేర తొక్కవద్దన్నాడు. తొక్కను అనుకున్నాను. కాని తొక్కాల్సి వచ్చింది.

చలికాలంలో రేడియో కేంద్రం వాళ్లు పల్లెపాటలు రికార్డు చేయడానికి జీపులో జమ్మలమడుగు వచ్చారు. వాళ్ల దగ్గర బ్యాటరీతో నడిచే టేప్ రికార్డరు ఉంది. గోధుమరంగు నాడా చక్రం మీద తిరుగుతూ మాటను పట్టి దాచుకుంటుంది, వెంటనే తిరిగి వినిపిస్తుంది. మా తాలూకాల్లో అప్పటికి దాన్ని చూసినవాళ్లు తక్కువ. మైకు తీగ తెగిందని నన్ను ప్రొద్దుటూరు నుంచి పిలిపించారు. తీగ అతికిస్తూ నేను వాళ్లతో వచ్చిన అధికారికి నాగమ్మ సంగతి చెప్పాను. ఆ పాట ఆయనకు గుర్తుంది. "ఆమె దగ్గరికే పోదాం పద" అన్నాడు.

జీపు ఇంటి ముందు ఆగగానే ఓబుళరెడ్డి అరుగు దిగి ఎదురొచ్చాడు. కుర్చీలు వేయించాడు. కాఫీ తెప్పించాడు. "మా యింట్లో పాటలకేం తక్కువ సార్, మా యాడదాని గొంతు ఊరంతటికీ తెలుసు" అన్నాడు. పరువు పోయిందన్న ఆ నోరేనా ఇది అని నేను చూస్తూ నిలబడ్డాను. నావైపు చూడనైనా చూడలేదాయన.

నాగమ్మను పిలిచారు. సరోజ వెంట వచ్చింది.

"పాడు. సార్లు పనిగట్టుకొని వచ్చినారు" అన్నాడు ఓబుళరెడ్డి.

"పాడను" అంది నాగమ్మ.

"ఏందీ?"

"అప్పుడు పాట బయటికొస్తే పరువు పాయె అంటివి. ఇప్పుడు సార్లొస్తే పాడు అంటాండావు. నువ్వు పాడమంటే నేను పాడను."

ఆ అధికారి ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. టేప్ రికార్డరు మూత వేయమని నాకు సైగ చేశాడు. నేను మూత వేస్తుంటే నాగమ్మ ఆయన వైపు తిరిగింది.

"నాయనా, పాట లేక కాదు. ఈ నడవలో పాడను. మీ బండిలో చోటుంటే మేమిద్దరం ఎక్కుతాం. జమ్మలమడుగులో యాడన్నా కూర్చోబెట్టండి. పొద్దుగూకేదాకా పాడతా."

ఓబుళరెడ్డి లేచాడు గాని అధికారి ముందు ఏమీ అనలేకపోయాడు. అత్తాకోడళ్లు ఇద్దరూ కొంగు బిగించుకొని జీపెక్కారు. ఊరి జనం వాకిళ్లలోకి వచ్చి చూశారు. నాగమ్మ తల వంచుకోలేదు.

జమ్మలమడుగులో బడిగది ఒకటి తీసిచ్చారు. ఆమె నేలమీద కూర్చొని, ఎదురుగా విసుర్రాయి ఉన్నట్టు కుడిచేత్తో గాలిలో తిప్పుతూ పాడింది. కరువు పాట, పుట్టింటి పాట, చనిపోయిన బిడ్డ మీద కట్టిన పాట. ఒకచోట మాట తడబడితే సరోజ అందించింది. అయ్యాక అధికారి నాడా వెనక్కి తిప్పి వినిపించాడు. నాగమ్మ ఉలిక్కిపడి, "ఎవురిదమ్మా ఆ ముసలి గొంతు?" అంది. అది తనదేనని కోడలు చెప్పగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో మాకు తెలియలేదు.

పాటలు ఎప్పుడు వేస్తారో ఆ తర్వాత అధికారి కబురంపాడు. నేను వెంటనే శివారెడ్డికి మనిషిని పంపించాను: సెట్టు పట్టుకొని రా, వాల్వు నేనే వేసిస్తా, దుడ్లు వద్దు, మీ అమ్మ తన ఇంట్లో తన పాట వినాల అని. అతను రాలేదు.

పాటలు వేసిన ఆ సాయంత్రం నా దుకాణంలో సెట్టు పెద్దగా పెట్టాను. బజారులో పోయే జనం ఆగి విన్నారు. చనిపోయిన బిడ్డ పాట వస్తుంటే ఎదురంగడి ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఎక్కడెక్కడి వాళ్లో విన్నారు. ఆ పాటలు పుట్టిన ఇంట్లో మాత్రం సెట్టు మీద గుడ్డ కప్పి ఉంది.

మర్నాడు శివారెడ్డి సెట్టు భుజాన పెట్టుకొని వచ్చాడు. "అన్నా, మా నాయన ఒప్పుకున్యాడు. వాల్వు యేసియ్యి."

"నిన్న యాడ ఉన్నావు?" అన్నాను.

"నిన్న ఒప్పుకోల్యా అన్నా. మెల్లగా చెప్పి..."

"మెల్లగానా? రేడియోలో పోయిన పాట మళ్లీ వస్తుందనుకున్నావా? గాలిలో వచ్చె, గాలిలో పాయె. మీ యమ్మ జీపెక్కినంత మాత్రం ధైర్యం నీకు ల్యాకపాయెనే! ఆమెకేం చదువుందని ఎక్కింది? నీ చదువు దేనికి?"

వాల్వు బిగించాను. సెట్టు పలికింది, ఏదో ధరల పట్టీ చదువుతున్నారు. అతను దాన్ని ఎత్తుకొని వెళ్లిపోయాడు. నా కోపం తగ్గలేదు. తగ్గాలని నేను అనుకోనూ లేదు.

ఆ ఇల్లు నాకు నేర్పింది ఒకటుంది. రేడియో ఇంటికి కొత్త గొంతును తెస్తుందని నేను అనుకునేవాణ్ణి. గొంతులు ఆ ఇంట్లో ముందునుంచే ఉంటాయి, వినే చెవే ఉండదు. యంత్రం ఆ చెవిని పెట్టలేదు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే వింటుంది. అందుకే ఆ తర్వాత ఏ ఇంట్లో సెట్టు బిగించినా, ముందు ఇంటి ఆడవాళ్లను పిలిచి స్విచ్చు వాళ్ల చేతనే తిప్పించేవాణ్ణి. స్టేషన్లు ఎట్లా మార్చాలో, బ్యాటరీ ఎట్లా కలపాలో వాళ్లకే చూపించేవాణ్ణి. కొందరు మగవాళ్లు గునిసేవారు. కొన్ని బేరాలు పోయాయి కూడా.

పులివెందులలో ఒక ఆసామి ఇంట్లో ఏరియల్ కట్టి, సెట్టు బల్ల మీద పెట్టి, "ఇంట్లో అమ్మను పిలవండప్పా" అన్నాను. అతను నవ్వి, "ఆడోళ్లకెందుకు సాయిబూ ఇవన్నీ? మాకు చూపించు చాలు" అన్నాడు. నేను నిచ్చెన వేసుకొని మిద్దె ఎక్కాను. రాగితీగ విప్పి చుట్టుకున్నాను. డబ్బు ఇంకా తీసుకోలేదు, నేను తెచ్చిన సెట్టును తిరిగి పెట్టెలో సర్దుకున్నాను. అతను వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు, నేను బస్సెక్కేదాకా.