వీడియోలో లేని తొమ్మిది సెకన్లు

విరుదునగర్‌లో నేను పనిచేసే బ్యానర్ల దుకాణంలో ఒక పాత కంప్యూటర్ ఉంది. వరసగా రెండు మూడు రోజులు సెలవులొచ్చి, మళ్ళీ దాన్ని ఆన్ చేసినప్పుడు లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కి, నూలు కాలినట్టు ఒక వాసన వస్తుంది. మొన్న సోమవారం పొద్దున ఆ వాసన ముక్కుకు తగలగానే చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళి నిలబడ్డాను. పక్క దుకాణం అమ్మాయి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాను. కోవిల్‌పట్టిలో గోవిందసామి మామ స్టూడియో తలుపు తీయగానే మొదట వచ్చే వాసన అదే. ఆయన పోయి రెండేళ్ళయింది.

మామ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. తమిళనాడులో నాగలాపురం పక్కన నల్లరేగడి ఊరు మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మన భాష మాట్లాడే మనిషి ఎక్కడ కనిపించినా ఏదో ఒక వరస కలిపేయడం మా వాళ్ళ అలవాటు. ఆయనది మా అమ్మ పుట్టిన ఊరు కనుక మామ అయ్యారు. పెళ్ళిళ్ళకు, చెవులు కుట్టే వేడుకలకు, సంఘాల సభలకు వీడియో తీసేవారు. నేను డిగ్రీ ముగించి, ఇంట్లో పెళ్ళి మాటలు తప్పించుకోవడానికి ఆయన దగ్గర ఎడిటింగ్ పనికి చేరాను. చిన్నతనంలో తండ్రి ఆంధ్రాలో ఒక మిల్లులో పనిచేసిన రోజుల్లో ఆయన అక్కడి బడిలో మూడేళ్ళు చదివారట. మా ఊళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళమే గాని చదివేవాళ్ళం లేము. పని లేని మధ్యాహ్నాలు ఆయన నాకు తెలుగు అక్షరాలు దిద్దించారు. ఈ మాటలు ఇలా రాయగలుగుతున్నానంటే అది ఆయన చలవ.

పనిలో చేరిన మొదటి వారంలోనే ఒక పెళ్ళి వీడియో ఇచ్చి, ఒకచోట ఆపి, ఏం కనిపిస్తోందో చెప్పమన్నారు. పెళ్ళికూతురి అవ్వ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. "అవ్వ ఏడుస్తుండాది మామా" అన్నాను.

"ఏడుస్తుండాదని యాడ కనిపించింది?"

"కళ్ళు తుడుస్తుండాది గదా."

"అది చెప్పు. కళ్ళు తుడుస్తుండాది, అంతే. ముందర హోమం పొగ ఉండాది చూడు. పొగకు తుడిచిందో, మనవరాలు పోతుండాదని తుడిచిందో నీకెట్ల తెలుసు? కనిపించింది చెప్పు. తోచింది చెప్పబాకు."

నాకు అప్పుడు అది చాదస్తంగా అనిపించింది. పెళ్ళి వీడియోకు ఇంత ధర్మసూక్ష్మం ఎందుకని నవ్వుకున్నాను కూడా. ఆయన మాత్రం నెలల తరబడి ఆ ఆట ఆడించారు. రోజుకొక దృశ్యం. నేను ఒక్క మాట ఎక్కువ చెబితే తల అడ్డంగా ఊపేవారు.

చెల్లమ్మాళ్ అక్క మీద దాడి జరిగింది నేను చేరిన మూడో ఏట. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళ సంఘానికి ఆమె నాయకురాలు. మామ భార్య పెళ్ళికి ముందు అగ్గిపుల్లలు పేర్చే పనిలో ఉండగా మందు అంటుకుని చేతులు కాలితే, ఆమెను మోసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చింది చెల్లమ్మాళే. అత్త తర్వాత వేరే జబ్బుతో పోయినా, మామ ఆ సంగతి మరవలేదు. సంఘం సభలకు ఎప్పుడు పిలిచినా కెమెరా భుజాన వేసుకుని వెళ్ళేవారు. ఆ ఏడు ఫ్యాక్టరీల వైపు నుంచి ఆమెకు బెదిరింపులు వస్తున్నాయని అందరికీ తెలుసు. సభ ఒక కల్యాణ మండపంలో, మధ్యాహ్నం. ముందు వాకిలి దగ్గర సంఘం ఆడవాళ్ళే నిలబడి వచ్చినవాళ్ళ సంచులు చూశారు. వెనక గేటుకు గొలుసు వేసి, మండపం కాపలావాడిని అక్కడ కూర్చోబెట్టారు. ప్రసంగం ముగించి, చెల్లమ్మాళ్ మంచినీళ్ళు తాగడానికి వేదిక పక్క తలుపు దాటింది. అంతలో వెనక గేటు వైపు నుంచి వచ్చిన ఒకడు వేటకొడవలితో నరికాడు. మెడకు పడవలసిన దెబ్బకు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ప్రాణం దక్కింది, కుడి చెయ్యి ఇంక పైకి లేవలేదు. అంతమందిలో వాడు ఎలా వచ్చాడో అలాగే మాయమయ్యాడు.

మామ కెమెరా అప్పుడు వేదిక వైపు ఉంది. ఆమె వెళ్ళిపోయిన ఖాళీ మైకును, ఆ తర్వాత వినిపించిన అరుపును మాత్రమే అది పట్టుకుంది. ఆయనను కాల్చింది అదే. "నేను కెమెరా ఒక్క జాన తిప్పింటే" అని రోజుకు పదిసార్లు అనేవారు. పోలీసులకు కాపీ ఇచ్చాం. నరికింది ఒకడైతే, కొన్నాళ్ళకు ఎక్కడో దూరపు కోర్టులో ఇద్దరు లొంగిపోయారు. తాగిన మైకంలో చేశామన్నారట. వాళ్ళ ముఖాలు మాలో ఎవరికీ తెలియవు. వెనక గేటు ఎలా తెరుచుకుందన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఆ ప్రశ్నను మామ పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను.

సభకు వచ్చినవాళ్ళ ఇళ్ళకు తిరిగి, ఫోన్లలో ఉన్న వీడియోలన్నీ అడిగి తెచ్చుకున్నాం. కొందరు వెంటనే ఇచ్చారు, కొందరు భయపడి చెరిపేశామన్నారు. పద్నాలుగు దొరికాయి. ఒక్కొక్క ఫోన్‌లో టైము ఒక్కోలా ఉంది, ఏది ముందో ఏది వెనకో తెలియదు. మామ ఒక ఉపాయం కనిపెట్టారు. సభ మధ్యలో మైకు ఒకసారి చెవులు పగిలేలా కీచుమంది. ఆ కీచు అన్ని వీడియోల్లోనూ ఉంది. దాని దగ్గర అన్నింటినీ కలిపితే పద్నాలుగు ఫోన్లూ ఒకే గడియారానికి నడిచాయి. పాత కేలండర్ వెనక మండపం పటం గీసి, ఎవరు ఎక్కడ నిలబడి తీశారో, ఏ మూల ఎవరి కంటికీ ఆనలేదో పెన్సిల్‌తో నింపుతూ పోయాం. సభ మొదలైనప్పుడు గొలుసు గేటుకు ఉంది. దాడికి ఏడు నిమిషాల ముందు కాపలావాడి కుర్చీ ఖాళీ అయింది. టీకి వెళ్ళానని, గేటు ఎవరు తీశారో చూడలేదని వాడు పోలీసులకు చెప్పాడట. ఒక వీడియోలో, నీళ్ళ క్యాను భుజాన పెట్టుకున్న ఒక మనిషి గేటు అవతల నిలబడ్డాడు, గొలుసు ఉంది. తర్వాతి వీడియోలో అదే మనిషి గేటు లోపల ఉన్నాడు, గొలుసు నేల మీద ఉంది. మధ్యలో తొమ్మిది సెకన్లు ఎవరి ఫోన్‌లోనూ లేవు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "వాడే మామా! వాడే తీసినాడు."

"తీసింది చూస్తివా?"

"ఇంకెవరు తీస్తారు? ఆడ ఇంకొకరు లేరు గదా."

"ఆ తొమ్మిది సెకన్లలో ఎవరుండారో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇంకా వీడియోలుంటాయి, వెతుకుదాం. అప్పరం చెప్పుదాం. నీకు సందేగం లేదంటివి చూడు, అదే నాకు బయం."

మర్నాడు ఆయన మేము గీసిన పటం తీసుకుని విరుదునగర్ వెళ్ళారు. చెల్లమ్మాళ్ ఆస్పత్రి నుంచి వచ్చి అక్కడ చెల్లెలి ఇంట్లో ఉంది. స్టూడియోలో నేనొక్కదాన్నే. ఆ మనిషి ముఖం ఆగి ఉన్న తెర ముందు పొద్దున నుంచి కూర్చున్నాను. కోపం ఉంది. కోపం కంటే ఎక్కువగా, అందరికంటే ముందు నేను కనిపెట్టాననే గర్వం ఉంది. ఇప్పుడు దాచి ఏం లాభం. ఆ ముఖం చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, నేల మీది గొలుసుకు ఒక బాణం గుర్తు పెట్టి, సంఘంలో నాకు తెలిసిన ఒకామెకు పంపాను. 'గేటు తీసింది ఇతనే. ఎవరో తెలుసా?' అని రాశాను. స్టూడియో ఫోన్ నుంచి పంపాను.

సాయంత్రానికి ఆ బొమ్మ కోవిల్‌పట్టి అంతా తిరిగింది. నా ప్రశ్న ఎక్కడో రాలిపోయి, మొదటి వాక్యం మాత్రమే మిగిలింది. అతని పేరు మాడసామి. ఇళ్ళకు, మండపాలకు మంచినీళ్ళ క్యానులు వేసేవాడు. బస్‌స్టాండ్ దగ్గర క్యానులు దించుతుండగా పట్టుకుని కొట్టారు. కొట్టినవాళ్ళలో చెల్లమ్మాళ్ అంటే ప్రాణమిచ్చేవాళ్ళే ఎక్కువ. అతని ఎడమ కన్ను పోయింది.

విరుదునగర్ బస్సు దిగి మామ నేరుగా స్టూడియోకి వచ్చారు. దారిలోనే ఎవరో ఆయన ఫోన్‌కు ఆ బొమ్మ పంపారు. తిడతారని, కొడతారని కూడా అనుకున్నాను. ఆయన నా ఎదురుగా కూర్చుని తన అరచేతులు చూసుకున్నారు. "పావం రా" అన్నారు. అది మాడసామి గురించి అన్నారో, నా గురించి అన్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పోలీసులు వచ్చి ఎవరు పంపారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయన "స్టూడియో ఫోన్ నాది, నేనే పంపినాను" అన్నారు తమిళంలో. వాళ్ళు ఆయన మీద కేసు రాసుకుని వెళ్ళాక నేను ఏడుస్తుంటే, "నీకు ముందర బతుకు ఉండాది. నాకేముండాది? ఊరుకో" అన్నారు. నేను ఊరుకున్నాను. ఆ రోజు ఊరుకోవడం ఎంత తేలికగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

మూడు వారాలకు పదిహేనో వీడియో దొరికింది. ఒక తల్లి తన కూతురు మండపం వరండాలో గంతులేస్తుంటే సరదాగా తీసుకున్నది. పిల్ల వెనక కిటికీ, కిటికీలోంచి గేటు. కీచు దగ్గర కలిపి చూశాం. తెల్లచొక్కా వేసుకున్న ఒకడు లోపలి నుంచి వచ్చి గొలుసు తీశాడు. మాడసామి క్యాను భుజం మార్చుకుంటూ, తన కోసమే గేటు తీశారనుకుని, తల వంచి, వాడి వైపు చూడకుండానే లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా వీపు మాత్రమే కనిపిస్తుంది. వీపు ఎవరిదో చెప్పేది ఏదీ ఆ పద్నాలుగింటిలో లేదు. సభలో సగంమంది మగవాళ్ళు తెల్లచొక్కాలే వేసుకున్నారు.

ఆ వీడియోను పోలీసులకు ఇచ్చాం. మొదటి బొమ్మ వెళ్ళిందని తెలిసినవాళ్ళందరికీ పంపాం, ఇతను ఏ తప్పూ చేయలేదని రాశాం. ఒక్కరూ దాన్ని ఇంకొకరికి పంపలేదు. ఒకతను మాత్రం, ఆ పిల్ల డాన్సు బాగుంది అని జవాబిచ్చాడు.

చెల్లమ్మాళ్‌ను చూడటానికి మామతో నేనూ విరుదునగర్ వెళ్ళాను. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. చెల్లెలు అన్నం కలిపి నోటికి అందిస్తోంది. మామ చెప్పిందంతా విని, తమిళంలో అడిగింది: "నా చేతికి వాడి కన్ను బదులా, అన్నా? నేను అడిగానా?" మామ లేదమ్మా అన్నారు. "ఇంక వెతకొద్దు. గేటు తీసినవాడు దొరికితే మన వాళ్ళు వాడినీ అంతే చేస్తారు. వాళ్ళకు నేను నేర్పింది ఇదేనా?" అంది. ఆ మాట అన్నాక ముద్ద పట్టిన చెల్లెలి చేతిని ఎడమ చేత్తో పక్కకు తోసింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఏ సభలోనూ మాట్లాడలేదు. ఆరు నెలల్లో సంఘం రెండు ముక్కలైంది, ఆ పైన ఏమీ మిగల్లేదు. చంపాలని వచ్చినవాడు సగంలో వదిలిన పనిని మేము పూర్తి చేశాం.

మాడసామి కుటుంబం కోవిల్‌పట్టి వదిలి తిరుత్తంగల్ చేరింది. అతని భార్య పేచ్చి అక్కడ ఒక ప్రెస్సులో కాగితాలు మడిచే పనికి కుదిరింది. మామ వాళ్ళ ఇల్లు కనుక్కుని వెళ్ళారు. నేనూ వస్తానంటే వద్దన్నారు. మాడసామి బయటికి రాలేదట. ఎండలో గడప ముందు నిలబడి, నిలబడి, వచ్చేశారు. అలా ఎన్నిసార్లు వెళ్ళారో నాకు తెలియదు. మెల్లగా పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు జనం. ఈయన కెమెరాలో పడితే మన ముఖానికీ సున్నా చుడతాడు అని నవ్వుకునేవారట. నన్ను విరుదునగర్‌లో ఈ పనిలో చేర్పించి స్టూడియో మూసేశారు. మూసినా కంప్యూటర్ మాత్రం అమ్మలేదు. చూడబోయినప్పుడల్లా ఆ తెల్లచొక్కా వీపు ముందే కూర్చుని కనిపించేవారు. మనిషి చిక్కిపోయి, కళ్ళు లోపలికి పోయి, చివరికి ఒక వానాకాలం జ్వరంతో పోయారు.

అంత్యక్రియలకు పదిమందిమి కూడా లేము. అందరూ వెళ్ళిపోతుండగా, సన్నగా, నుదుటి దాకా చెంగు కప్పుకున్న ఒకామె ఇంట్లోకి వచ్చింది. తిరుత్తంగల్ నుంచి బస్సులో వచ్చానంది. పేచ్చి. కాసేపు మామ ఫోటో ముందు నిలబడింది. తర్వాత నా పక్కకు వచ్చి కూర్చుంది.

"మా ఆయన మన్నించలేదు, ఇంక మన్నించడు కూడా" అంది తమిళంలో, గొంతు తగ్గించి. "నేనూ రోజూ తిట్టాను ఈ మనిషిని. చచ్చిపోవాలని మొక్కుకున్నాను. పోయాడని తెలిసాక ఎందుకో ఇంట్లో ఉండలేకపోయాను. అన్నిసార్లు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు, ఒక్కసారైనా మంచినీళ్ళు ఇవ్వలేదు నేను." కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగింది. "నువ్వు ఆయన దగ్గర పని చేసిన పిల్లవు కదా? ఆయన ఆ బొమ్మ పంపినప్పుడు నువ్వు అక్కడ లేవా? ఉంటే ఆపేదానివేమో."

ఆమె చెయ్యి నా చేతి మీద ఉంది. కాగితాలు మడిచి మడిచి వేళ్ళ కొనలు గరుకుదేరాయి. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నా జన్మలో రాదు. ఆపడానికి మామ కూడా ఇక లేరు.

"లేనక్కా" అన్నాను.

ఆమె తల ఊపి, చెంగు సర్దుకుని, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది. విరుదునగర్ నుంచి తిరుత్తంగల్ ఎంతో దూరం లేదు. ఈ రెండేళ్ళలో నాలుగుసార్లు వాళ్ళ వీధి దాకా వెళ్ళాను. నాలుగుసార్లూ అదే బస్సులో తిరిగి వచ్చాను. మామ నిలబడ్డ ఆ గడప ముందు ఇంతవరకూ నేను నిలబడలేదు.