నాలుగు చక్రాలూ నేల మీదుండగా

కట్టుడు పళ్ళు తయారుచేసేవాళ్ళలో అతనికొక పేరుంది, మిల్లీమీటరు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. దవడ అచ్చు పంపిన డాక్టరు "కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటార్లే" అన్నాడంటే ఆ అచ్చు వెనక్కి పోయినట్టే. నమిలేది డాక్టరు కాదుగదా అంటాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని, అదే పొగరు. పని తెలిసినవాడి పొగరు కనక ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

అలాంటివాడు అక్కగారి పాత కారు ముందు చక్రాల దగ్గర చతికిలబడి, "ఆరు ఆదివారాలివ్వండి, దీన్ని పూలపానుపు చేసేస్తాను" అంటే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు, ఒక్క బావకి తప్ప. బావకి అన్నిటి మీదా అనుమానమే.

ఆ కారు అక్కకంటే రెండేళ్ళు చిన్నది. ఆవిడ పురుళ్ళు పోసే నర్సుగా ఉన్నన్నాళ్ళూ దాన్నే తోలింది. గుమ్మంలో ఎవరైనా నిలబడి కబురు చెబితే చాలు, జుట్టు ముడేసుకుంటూనే వెళ్ళి బండి తీసేది. చుట్టుపక్కల వీధుల్లో సగంమంది ఆ కారు వేళకి చేరబట్టి క్షేమంగా భూమ్మీద పడ్డవాళ్ళే. కిందటేడు వెన్నెముకకి ఆపరేషనైంది. మళ్ళీ తోలుకోవచ్చని డాక్టర్లు చెప్పారు. కానీ ఆ కారు ముందు స్ప్రింగులు మహా మొండివి. చిన్న గోతిలో పడినా దెబ్బ నేరుగా నడుముకి తగిలేది. ఒక్కసారి వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, ఇక నావల్ల కాదంది. ఎనిమిది నెలలైంది. కిటికీ దగ్గర కూర్చుని, మలుపు దగ్గర తడబడే డ్రైవర్లందరినీ పేరుపేరునా తిడుతోంది. అది చూసి ఊరుకోవడం తమ్ముడు మిల్లీమీటరు వల్ల కాలేదు. అక్క మళ్ళీ స్టీరింగు పట్టాలి. అంతే అతనికి కావలసింది.

"కొత్తది కొంటే పోయేదానికి ఇంత రభసెందుకయ్యా?" అన్నాడు బావ.

"అక్క కొత్తదెక్కుతుందా? నువ్వే అడుగు బావా."

బావ అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఏవి అడక్కూడదో ఆయన బాగా నేర్చుకున్నాడు.

షెడ్డులో జాకీతో కారు ముందుభాగం లేపి, కింద ఇనప స్టాండ్లు పెట్టాడు మిల్లీమీటరు. అదిమి ఉన్న స్ప్రింగు పట్టు తప్పితే మూతి పళ్ళు రాలతాయని బావని దూరంగా నిలబడమన్నాడు.

"రాలితే కట్టడానికి నువ్వున్నావుగా" అన్నాడు బావ, అయినా రెండడుగులు వెనక్కి వేస్తూ.

పొడుగాటి మరల కడ్డీలు బిగించి, కొద్దికొద్దిగా వదులు చేస్తూ పాత స్ప్రింగులు రెండూ దించాడు. తన లెక్క ప్రకారం చుట్టించిన మెత్తటి స్ప్రింగులు పెట్టాడు. పాతకాలపు షాక్ అబ్జార్బర్లు పీకేసి, గొట్టాల్లాంటి కొత్తవి నిలబెట్టడానికి పట్టీలు తనే కోసుకున్నాడు. చక్రాన్ని మోసే ఇనప చేతులు ఆడే చోట రబ్బరు బుష్షులుంటాయి. ఆ ఎనిమిదీ మార్చి, కారు స్టాండ్ల మీదుండగానే బోల్టులన్నీ బలంకొద్దీ బిగించాడు. వంక పెట్టడానికి బావకి కూడా ఏమీ దొరకలేదు.

ఆరో ఆదివారం అక్కని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. వీధి మలుపులో స్పీడ్ బ్రేకరు వచ్చింది. మెత్తగా దిగాల్సిన బండి బిర్రబిగుసుకుపోయి, ఆవిణ్ణి సీటులోంచి ఎగరేసి కుదేసింది. అక్క తలుపు తీసుకుని దిగి, నడుం మీద చెయ్యేసుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. అతనికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు కొత్త పళ్ళు పెట్టించుకున్న ఒక పెద్దావిడ అతని బల్ల ముందు కూర్చుని, "నోరు తెరిచి ఉంచితే బాగానే ఉంది నాయనా, మూస్తేనే గుచ్చుకుంటోంది" అంది.

మిల్లీమీటరు నాలుక్కరుచుకున్నాడు. తను చేసిందీ అదే. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించాడు. కారు నేలకి దిగేసరికి రబ్బరు మెలిపడి, బండిని పైకి తోసిపట్టింది. చక్రాలు నేల మీదుండాలి, ఎక్కేవాళ్ళ బరువు లోపలుండాలి, అప్పుడు బిగించాలి. ఇంత చిన్న విషయం తనకి తట్టకపోవడమేమిటని సాయంత్రందాకా తనని తాను తిట్టుకుని, ఆ తరవాత ధైర్యంగా స్పానర్లు తీశాడు. తప్పెక్కడుందో తెలిశాక అతన్ని ఆపగలిగేవాళ్ళు లేరు.

"ఇసుక బస్తా పడేసి బిగించెయ్యి" అన్నాడు బావ.

"ఎన్ని కిలోలు? అక్క బరువెంత?"

బావ గొంతు తగ్గించాడు. "తెలీదు. తెలిసినా చెప్పను."

అరవై అని ఒకరు, డెబ్భై ఉంటుందని ఇంకొకరు వాదించుకుంటుండగా షెడ్డు తలుపు దగ్గర అక్క కనబడింది.

"నా బరువు తేల్చడానికి మీరిద్దరూ ఎవరు? బస్తా ఎందుకు, నేను లేనూ?"

"నీకు నొప్పి పెట్టానక్కా. తప్పంతా నాదే. మళ్ళీ కూర్చోమనడానికి నాకు మొహం చెల్లలేదు."

"నువ్వడగలేదుగా, నేనే వచ్చా. జరుగు."

కిందికి దూరే చోటుండేలా, నేల మీదున్నట్టే నాలుగు చక్రాలూ ఆనేలా కారుని వెడల్పాటి చెక్క దిమ్మల మీదికెక్కించి, వెనక చక్రాలకి అడ్డు పెట్టాడు. అక్క పక్క సీటులో కూర్చుంది. అతను కిందికి దూరి ఎనిమిది బోల్టులూ వదులు చేశాడు. బండి నిట్టూర్చినట్టు పద్నాలుగు మిల్లీమీటర్లు దిగింది.

"ఊపిరి పీల్చుకోవచ్చా?" అంది అక్క పైనుంచి.

"పీల్చుకో. కదలకు."

ఒక్కొక్కటే కొలుచుకుంటూ అన్నీ బిగించాడు. "అయిపోయింది, దిగక్కా."

తలుపు తెరుచుకుంది. ఆవిడ చెప్పులు నేలని తాకడం కిందనుంచి కనబడింది. అవి ఇంటివైపు వెళతాయనుకున్నాడు. వెళ్ళలేదు. కారు ముందునుంచి మెల్లగా చుట్టి తిరిగొచ్చాయి. అవతలి తలుపు తెరుచుకుంది. స్టీరింగు వైపు బండి పిసరంత వంగింది.

"ఒరేయ్, నేనిక్కడ కూర్చుంటే నీ లెక్క మారుతుందా?"

మారేది రెండు మిల్లీమీటర్లు. ఇంకెవరైనా అయితే పరవాలేదు, సర్దుకుంటుందనేవారు.

"మారుతుందక్కా" అన్నాడు.

"అయితే మళ్ళీ విప్పు. తోలేది నేను."

ఏ పనీ రెండోసారి చెయ్యడం గిట్టని మనిషి, మూడోసారి స్పానరు అందుకున్నాడు. జీవితంలో అంత సంతోషంగా అతనేదీ విప్పలేదు.