హల్లెలూయతో జరిగిన పట్టా

ఆ రోజుల్లో రైలుకట్ట మీద తెల్లవారడమంటే నాకు ప్రాణం. గోదావరిఖని పక్కన, గని నుంచి కరెంటు ప్లాంటుకు బొగ్గు మోసే లైను అది. వానలు పడేలోపే కట్ట గట్టిపడాలని ఎండాకాలంలో పట్టాల కింది పాత స్లీపర్లు తీసి కొత్త సిమెంటువి వేయించేవారు. బొగ్గుపొడి వాసనలోంచి వేపపూత వాసన వచ్చేది. పొగగొట్టాల వెనక సూర్యుడు మెల్లగా లేస్తుంటే పట్టాలు లేత ఎరుపుగా మెరిసేవి. నేను డ్యూటీలో ఉన్నానో కలలో ఉన్నానో నాకే తెలిసేది కాదు. (మా పై ఇంజనీరు పెద్దసారుకు మాత్రం బాగా తెలిసేది.)

కొత్తగా చేరిన జూనియర్ ఇంజనీరును కదా, ఒక పొద్దున ఆయన నన్ను పిలిచాడు. "బిడ్డా, ఈ వంపు కాడ పట్టాను సున్నం గుర్తు మీదికి జరిపియ్యి. బ్లాక్ అయిపోయేలోపు కాకపోతే రేపటి సంది ఆఫీసుల కుర్సీల కూసో" అన్నాడు. బ్లాక్ అంటే బొగ్గుబండ్లు ఆపి లైనును మా చేతికిచ్చే కాస్త సమయం. ఆ కుర్చీ ఉన్న గదికి కిటికీ కూడా లేదు. నాకేమో ఈ పొద్దులు కావాలి.

పట్టా జరపాలంటే లైను పనివాళ్ల గ్యాంగంతా వరసగా గడ్డపారలు దూర్చి, పాట చెప్పే మనిషి ఊపు ఇవ్వగానే ఒక్కసారే తోయాలి. మా దగ్గర ఆ పని పాటల కాకది. ఎవరి అత్తగారింటి ముచ్చటో అల్లి పాడితే, నవ్వుతూనే పట్టాను జరిపేసేవారు. ఆ రోజు కాక వచ్చాడు కానీ, ముందురోజే దవాఖానలో పన్ను పీకించుకుని, బూరెలా ఉబ్బిన బుగ్గతో, నోటినిండా దూదితో వచ్చాడు. ఊఁ ఊఁ అంటూ వేలితో నన్ను చూపించాడు.

"అవు మేడం, మీరు చర్చిల పాడుతరట కదా. మీరే చెప్పుండ్రి" అన్నాడు గ్యాంగులో ఒక అన్న.

నాకు వచ్చినవి చర్చి పాటలే. 'హల్లెలూ' అని నేను ఎత్తుకుంటే 'యా' దగ్గర తోయమన్నాను. మా క్వైర్‌లో నాకు పేరు తెచ్చింది నా ఊపిరే. పట్టిన స్వరాన్ని ఓ పట్టాన వదలను. చల్లగాలి ముఖానికి తగిలి, కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. నేను 'యా' అంటూనే ఉన్నాను, వాళ్లు తోస్తూనే ఉన్నారు. కళ్లు తెరిచేసరికి పట్టా గుర్తు దాటి హాయిగా అవతలికి వెళ్లిపోయింది.

"మేడం, గింత పొడుగు పాడితే పట్టా మంథెని దాక పోతది!"

అందరూ అవతలి పక్కకు వెళ్లి వెనక్కి తోశారు. మళ్లీ హల్లెలూయ, మళ్లీ నా కళ్లు మూతపడటం (అలవాటు మరి!). పట్టా ఈసారి గుర్తు దాటి ఇటు వచ్చింది. దూరంగా బొగ్గుబండి కూత వేసింది. "జల్ది మేడం, జల్ది!" అని అరిచారు. కిటికీ లేని గది కళ్లముందు మెదిలి నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు కాక వచ్చి గుర్తు దగ్గర నిలబడ్డాడు. రెండు వేళ్లతో తన కళ్లు చూపించి, తెరిచి ఉంచమన్నట్టు సైగ చేసి, అరచెయ్యి పైకెత్తాడు. గ్యాంగు మళ్లీ మొదటి పక్కకు మారగానే నేను 'యా' అందుకున్నాను. పట్టా మెల్లగా కదిలింది. గుర్తు మీదికి రాగానే కాక పిడికిలి బిగించాడు. నేను స్వరాన్ని టక్కున తెంపేశాను, గడ్డపారలన్నీ ఆగిపోయాయి. పట్టా సరిగ్గా గుర్తు మీద ఉంది. కాక నవ్వబోయి నొప్పికి బుగ్గ పట్టుకున్నాడు.

"రేపు గూడ కట్ట మీదికే రా బిడ్డా" అన్నాడు పెద్దసారు. "పాట మాత్రం జర పొట్టిగ చెయ్యి."

కాక రిటైరై ఇప్పుడు శ్రీరాంపూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. పట్టాలు జరపడానికి యంత్రం వచ్చింది, దానికి ఎవరి పాటా అక్కర్లేదు. అయినా ఎండాకాలం పొద్దున అది ఆ వంపు దగ్గరికి వచ్చినప్పుడు నేను కాస్త పక్కకు వెళ్లి, ఎవరికీ వినపడకుండా 'యా' అని అందుకుంటాను. కళ్లు మూసుకుని పాడే ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇప్పుడు ఎదురుగా చెయ్యెత్తే కాక లేడు కనుక, పట్టా గుర్తు మీదికి రాగానే నా పిడికిలి నేనే బిగిస్తాను.